ఒక్క వేగం దగ్గరే వణికే రోబో చేయి

మెకట్రానిక్స్ ఇంజనీరుగా నా పనిదినంలో ఎక్కువ భాగం, మోటారుకూ గేర్లకూ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఎక్కడో పుట్టి, ఏ విభాగమూ తనదని ఒప్పుకోని సమస్యల వెంట తిరగడంతోనే గడిచిపోతుంది.

ఆరు కీళ్ల రోబో చేయిని పరీక్షించేటప్పుడు ఎదురయ్యే ఒక సమస్యనే తీసుకుందాం. కీలు నెమ్మదిగా తిరిగినంతసేపూ చేయి నిలకడగానే ఉంటుంది. వేగం సెకనుకు 18 డిగ్రీలకు చేరేసరికి దాని కొస వణకడం మొదలవుతుంది. వేగం ఇంకా పెంచితే ఆ వణుకు దానంతటదే తగ్గిపోతుంది. మెకానికల్ విభాగం వారు కంట్రోలర్ గెయిన్లను (తేడాను ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సాఫ్ట్‌వేర్ విలువలను) అనుమానిస్తారు, సాఫ్ట్‌వేర్ వారు బోల్టులు సరిచూడమంటారు.

ఆ కీలులో 100:1 నిష్పత్తి గల హార్మోనిక్ డ్రైవ్ (మోటారు వేగాన్ని తగ్గించే గేరు) ఉంటే, కీలు సెకనుకు 18 డిగ్రీలు కదిలినప్పుడు మోటారు 1800 డిగ్రీలు, అంటే 5 చుట్లు తిరుగుతుంది. ఈ గేరులో దీర్ఘవృత్తాకారపు భాగం పలుచని పళ్లచక్రాన్ని ఎదురెదురుగా రెండు చోట్ల బయటి పళ్లకు నొక్కి పట్టుకుంటుంది కాబట్టి, తయారీలో మిగిలిన సూక్ష్మమైన తేడా మోటారు చుట్టుకు రెండుసార్లు, అంటే సెకనుకు 10 సార్లు చేయిని కుదుపుతుంది. కదిపి వదిలితే చేయి తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సహజ పౌనఃపున్యం కూడా 10 హెర్ట్జ్ దగ్గరే ఉంటే అనునాదం ఏర్పడి వణుకు పెరుగుతుంది. తప్పు గెయిన్లదీ కాదు, బోల్టులదీ కాదు.

మోటారు వెనుక ఉన్న 17 బిట్ల ఎన్‌కోడర్ (తిరిగిన కోణాన్ని కొలిచే సెన్సార్) ఒక చుట్టును 1,31,072 భాగాలుగా కొలిచినా, అది చూసేది మోటారునే తప్ప చేయి కొసను కాదు. అందుకే ఎవరి వాదన వినడానికైనా ముందు కొసకు కుదుపులను పట్టే యాక్సిలరోమీటర్ బిగించి కొలవాలంటాను. ఒక్క పౌనఃపున్యాన్ని మాత్రమే అణచే నాచ్ ఫిల్టర్ పెట్టేస్తే సరిపోతుందన్న సలహా తరచూ వినిపిస్తుంది కానీ, చేయి చాచినప్పుడూ ముడిచినప్పుడూ, బరువు ఎత్తినప్పుడూ సహజ పౌనఃపున్యం మారిపోతుంది గనుక, ఒకే విలువకు బిగించిన ఫిల్టర్ మీద నాకు నమ్మకం తక్కువ. చేయిని దృఢంగా చేద్దామంటే బరువు పెరుగుతుంది, ఆ బరువు మోయడానికి పెద్ద మోటారు కావాలి. మోటారు కోణాన్ని బట్టి ఆ కుదుపును ముందే అంచనా వేసి, దానికి ఎదురు టార్కు (తిప్పే బలం) ఇవ్వడం నాకు మెరుగైన దారిగా తోస్తుంది. కాకపోతే ప్రతి గేరునూ విడివిడిగా కొలవాల్సి వస్తుంది, ఆ పనికి ఉత్సాహంగా ముందుకొచ్చేవారు అరుదు.

ఉష్ణోగ్రతదీ ఇదే కథ. మీటరు పొడవున్న అల్యూమినియం చేయి 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది, 0.05 మిల్లీమీటర్ల లోపు తేడాతో అదే బిందువుకు తిరిగి రావలసిన యంత్రానికి అది చాలా ఎక్కువ. ఆ సాగుదలను ఎన్‌కోడర్ గుర్తించలేదు, డ్రాయింగూ చూపించదు. కాబట్టి కీళ్ల ఉష్ణోగ్రత స్థిరపడేదాకా చేయిని ఊరికే తిప్పుతూ ఉంచి, ఆ తరువాతే క్రమాంకనం (కొలతలను సరిచేయడం) మొదలుపెడతాం.