నల్ల మరియమ్మ దగ్గరికి కాలినడకన: అమ్మ మొక్కు

కాళ్ళ బొబ్బలు ఇంకా మానలేదు. మానేలోపే రాసేయాలని కూర్చున్నాను, లేకపోతే ఆఫీసు పనిలో పడి ఇదంతా చప్పబడిపోతుంది.

అమ్మకి గుండె ఆపరేషన్ అన్నప్పుడు నేను వార్సాలో ఉన్నాను. టికెట్ దొరికి గుంటూరు చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. దారిలో ఎయిర్‌పోర్టులో కూర్చుని ఆ టెన్షన్‌లోనే మొక్కుకున్నాను, అమ్మ లేచి తిరిగితే చెన్‌స్తొహోవా వరకు నడిచొస్తాను తల్లీ అని. పోలండ్‌లో నల్ల మరియమ్మ పటం ఉన్న మఠం ఆ ఊళ్ళోనే ఉంది. మాది ఫిరంగిపురం వైపు, చిన్నప్పటి నుంచీ ఫిబ్రవరి వచ్చిందంటే గుణదల కొండ ఎక్కిన కుటుంబం, కాబట్టి మరియమాతకి నడిచి మొక్కు తీర్చడం మాకు కొత్త కాదు. అమ్మ ఇప్పుడు తనంతట తనే ఆదివారం చర్చిలో పూజకి నడిచి వెళ్తోంది.

వార్సా నుంచి ఈ కాలినడక యాత్ర 1711 నుంచి ఉంది, అది కూడా ప్లేగు వచ్చినప్పటి మొక్కే. మొత్తం నడవడానికి నాకు సెలవు దొరకలేదు, చివర్లో ష్వెంతా అన్నా అనే ఊరి దగ్గర మా విచారణ (మా చర్చి) గుంపులో కలిశాను. అక్కడ పునీత అన్నమ్మ గారి గుడి, దానికి ఆనుకుని దొమినికన్ సిస్టర్ల మఠం ఉన్నాయి. రాత్రి ఎక్కడ పడుకున్నాం, ఏం తిన్నాం అనేది నిజంగా సరిగ్గా గుర్తులేదు. తెల్లవారకముందే ఎవరో గిటార్ తీసి పాట అందుకున్నారు, ఒకబ్బాయి భుజాన మైకు తగిలించుకుని జపమాల మొదలుపెట్టాడు, అందరం నడిచాం.

ఆ దారిలో ఇసుక ఉందే, దాని గురించి నాకెవరూ చెప్పలేదు. పైన్ చెట్ల అడవిలో బాటంతా మెత్తటి ఇసుక, అడుగు వేస్తే దిగబడుతుంది, బూట్లలోకి దూరి బొబ్బల మీద గరగరా రాస్తుంది. ఎండ కూడా బాగానే కాసింది. దారిలో వచ్చే మ్‌స్తూఫ్ అనే ఊరు ఇంకా రాలేదు, అప్పుడే ఎడమకాలు కింద పెట్టలేకపోతున్నాను. గుంపు ముందుకి పోతోంది, నేను వెనకబడుతున్నాను, ఏడుపొచ్చేస్తోంది.

అప్పుడొక ఊళ్ళో, పేరు చదవను కూడా లేదు, ఒక మామ్మ వాళ్ళ గేటు ముందు బల్ల వేసింది. ఆ ఊళ్ళలో చాలా ఇళ్ళ ముందు అలాగే పెడతారు, పండ్లు ఉడకబెట్టిన చల్లటి కంపోటు, రొట్టె, ఊరబెట్టిన దోసకాయలు, ఎవరు తిన్నా డబ్బులడగరు. ఆ మామ్మ నా నడక చూసి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. పెద్ద గిన్నెలో నీళ్ళు తెచ్చింది. నేను వద్దు వద్దంటున్నా కింద కూర్చుని, ఆ వయసులో, ముక్కూ మొహం తెలియని నా కాళ్ళు తన చేతులతో కడిగింది. బొబ్బలకి మందు రాసి, గుడ్డ చుట్టి, తన ఇంట్లోంచి ఉతికిన మేజోళ్ళు తెచ్చి తొడిగింది. నాకు పోలిష్ అంతంతమాత్రం. పక్కనున్న అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది, మామ్మకి మోకాళ్ళు పోయాయట, ఒకప్పుడు ఏటా నడిచేదట, అమ్మవారి ముందు తన పేరు కూడా చెప్పమంటోందట. మా అమ్మ సంగతి చెప్తే, అమ్మ పేరు అడిగి కాగితం మీద రాయించుకుని ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. ఆమె పేరు ఇక్కడ రాయను, అది మరియమ్మకి అప్పజెప్పాల్సిన పేరు.

చెన్‌స్తొహోవా ముందు ప్షెప్రొష్నా గుర్కా అనే గుట్ట మీద అందరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకుంటారు. మాతో నడిచిన ఫాదర్ గారే ముందు మోకరించారు. అక్కడి నుంచే నల్ల మరియమ్మ మఠం గోపురం కనబడుతుంది, 106 మీటర్ల ఎత్తు. చూడగానే గుంపులో సగంమంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

ఊళ్ళోకి వచ్చాక మాత్రం, నిజం చెప్పాలి, ఆ జనం భరించలేం. మరియమ్మ పేరుతోనే ఉన్న పెద్ద రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిండిపోయింది. మఠంలో ఆ పటం ఉన్న చాపెల్‌లో ఊపిరాడలేదు. నా ముందాయన ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూనే ఉన్నాడు. ఇంత దూరం నడిచొచ్చి తల్లిని ఫోన్‌లోనా చూసేది? వెనకనుంచి తోపులాట, పక్కనుంచి వాలంటీర్లు కదలండి కదలండి అంటున్నారు.

ఆ తొక్కిడిలోనే ఒక్క క్షణం ఆయన చెయ్యి దిగింది. కనబడింది. నల్లటి ముఖం, కుడి చెంప మీద ఆ రెండు గాట్లు, 1430లో దొంగలు పడినప్పటివి. ఫోటోల్లో వందసార్లు చూసిన ముఖమే, కానీ ఆ చూపు నేరుగా నా మీదే ఉన్నట్టుంది. ముందు మామ్మ పేరు చెప్పాను. తర్వాత అమ్మ పేరు. అడగడానికి ఇంకేమీ గుర్తురాలేదు, థాంక్స్ అమ్మా అనుకుంటూనే బయటికి వచ్చిపడ్డాను. గోడలనిండా ఎవరెవరో వదిలేసిన ఊతకర్రలు, వెండి గుండెలు వేలాడుతున్నాయి.

మర్నాడు ఆగస్టు 15, మరియమ్మ మోక్షానికి ఎత్తబడిన మోక్షారోపణ పండుగ. ఆడవాళ్ళందరి చేతుల్లో గోధుమ వెన్నులు, గసగసాల కాయలు, పొలం పూలు కలిపి కట్టిన గుత్తులు, పూజలో దీవింపజేసుకోవడానికి తెచ్చారు. ఒకావిడ తన గుత్తిలోంచి రెండు వెన్నులు తీసి నాకిచ్చింది.

నడవలేని వాళ్ళు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు దయచేసి ఆగస్టు మధ్యలో వెళ్ళొద్దు. మామూలు రోజు పొద్దున్నే 6 గంటలకి చాపెల్‌లో ఉండండి, బాకాలు ఊదుతుండగా పటం ముందున్న తెర లేస్తుంది. అమ్మని తీసుకెళ్ళేది నేను అలాగే.