పతకాలు అటక మీద, పీపీఓ బీరువాలో

తాడేపల్లిగూడెం స్టేషన్ బయట ఆటో అతనితో మాధవరం అంటే, "మిలిటరీ మాధవరమేగా?" అన్నాడు. పశ్చిమ గోదావరిలో ఆ ఊరిని అలాగే పిలుస్తారు. మా అమ్మ పుట్టిల్లు. అటువైపు వాళ్లు ముత్తాత కాలం నుంచీ పట్టాళంలోనే. ఎవరు ఏ రెజిమెంటు, ఏ యుద్ధం అంటే మాత్రం ఇంట్లో తలో మాటా చెబుతారు. కాగితాలు చూసి రాసుకుందామని బయల్దేరాను.

ముందు అమరవీరుల స్థూపం దగ్గర ఆగాను. గజపతుల కాలంలో ఆరుగొలను కోట కాపలాకి వచ్చినవాళ్ల వంశాలే ఇవన్నీ అని ఊళ్లో చెప్పుకుంటారు. మాకు దొరికే ఆధారం మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం నుంచే.

బావ అటక మీది నల్ల ట్రంకు పెట్టె దించాడు. ఆ యుద్ధం అయ్యాక సైనికులకి వెండి పతకం ఒకటి, కంచు పతకం ఒకటి ఇచ్చారు. ముత్తాతగారి వెండిది ఎప్పుడో కరిగి ఎవరి కాళ్లకో పట్టీలైపోయింది. రెక్కల దేవత బొమ్మ ఉన్న కంచుది మిగిలింది. బొమ్మ కాదు, అంచు చూడాలి. నంబరు, హోదా, పేరు, దళం అక్కడే చెక్కుతారు. ఫోన్ టార్చ్ వేసి మెల్లగా తిప్పితే దళం పేరు కనబడింది: శాపర్స్ అండ్ మైనర్స్, విక్టోరియా రాణి పేరు మీదది. అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్స్. ఇంట్లో అన్నీ తుపాకీ కథలే చెప్పేవాళ్లు. ఈ దళం వాళ్ల అసలు పని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం. 1917 ఫిబ్రవరిలో ఇప్పటి ఇరాక్‌లోని షుమ్రాన్ దగ్గర టైగ్రిస్ నది దాటించినవాళ్లలో మద్రాసు శాపర్స్ ఉన్నారు. మార్చి 11న బాగ్దాద్ బ్రిటిష్ సేన చేతికి వచ్చింది. ఆ రోజు ముత్తాత కూడా నది ఒడ్డున ఉన్నాడని నేను రాసుకోలేదు, పతకం అంతవరకూ చెప్పదు.

ఈ వరసలో మిలిటరీ తప్పించుకున్నది బావ ఒక్కడే. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చాడు. ఆ యుద్ధానికి వెళ్లిన మనవాళ్లు ఓడ దిగిన బస్రా ఆ పక్కనేనని మ్యాపులో చూపిస్తే, "మరి నాకు పతకమేదీ?" అన్నాడు.

తాతయ్య బర్మా వెళ్లి, యుద్ధం అయ్యాక పెన్షన్ లేకుండా వచ్చేశాడు. చాలా ఏళ్లకి సైనిక సంక్షేమ శాఖ ద్వారా అమ్మమ్మకి నెలనెలా కొంత సాయం వచ్చేది.

ఇంతసేపూ మగవాళ్లనే అడుగుతున్నాను. అత్తయ్య లేచి బీరువాలో నగల పక్క నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మామయ్య డిశ్చార్జి బుక్కు, 1971 యుద్ధం తాలూకు కాగితాలు, పీపీఓ (పెన్షన్ చెల్లించమనే ఉత్తర్వు), అమ్మమ్మ వేలిముద్రలున్న పాత ఫారాలు, ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ల నకళ్లు. అన్నీ ఏళ్ల వరసలో ఉన్నాయి. నేను రాసుకోవాలనుకున్న చరిత్ర సగం అప్పటికే సర్ది ఉంది.

చివరి పేరు బావ కొడుకుది, అగ్నివీర్. నాలుగేళ్ల ఉద్యోగం. ఆ తర్వాత ఉంచుకునేది పాతిక శాతం మందినే.

"వచ్చేస్తే వాడికి పీపీఓ ఎక్కడిది?" అంది అత్తయ్య.

"పదకొండు లక్షలకి పైనే చేతికిస్తారమ్మా," అన్నాడు బావ.

"అవి ఎన్నాళ్లొస్తాయిరా?"

వాణ్ణి ఉంచేసుకుంటే ద్వారకా తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుందట.

"మిలిటరీ వాడికి జుట్టెక్కడుంటుందే!" అన్నాడు బావ.