శుక్రవారం, ఒక విన్నపం చీటీ

గుంటూరు, రాత్రి తొమ్మిదిన్నర

చర్చిలో ఉపవాస కూడిక ఒంటిగంటన్నరకి ముగిసింది. ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరలేదు. విన్నపాల పెట్టెలో ఎప్పుడూ వచ్చేవే: వీసా, గ్రూప్ టూ, మోకాళ్ల నొప్పులు, అమ్మాయి సంబంధం. వాటి మధ్య ఒక చీటీ. "టిఫిన్ బండి పెట్టుకోవాలని నా కల. ప్రభువు ద్వారం తెరవాలి." అంతే, పేరు కూడా లేదు.

అడగడంలో తప్పేం లేదు. చిక్కల్లా ఆ ద్వారం కొలతలు ఎవరూ రాసుకోకపోవడమే. బైబిల్లో నెహెమ్యా పర్షియా రాజు కొలువులో ఉంటూ, కూలిన యెరూషలేము గోడ మళ్లీ కట్టించినవాడు. ఆయన గ్రంథం మొదటి అధ్యాయం కిస్లేవు నెలలో, రెండోది నీసాను నెలలో మొదలవుతాయి. మధ్యలో నాలుగు నెలలు. ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, ప్రార్థించాడు, నిజమే. కానీ "నీకేం కావాలి" అని రాజు అడిగినప్పుడు నీళ్లు నమల్లేదు. మనసులో ఒక్క క్షణం ప్రార్థన చేసుకుని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, గుమ్మాల దూలాలకు ఎవరి పేర ఉత్తరం కావాలో కూడా చెప్పాడు. అడవి కాపరి ఆసాపు పేరుతో సహా. అంటే ఆ ఉపవాసంలోనే కలప లెక్కా జరిగిందన్నమాట. 52 రోజుల్లో గోడ లేచిందని అందరం ప్రసంగిస్తాం గానీ ఈ నాలుగు నెలల జోలికి పోం.

ఆ చీటీకి కలప లెక్క అంటే ఏమిటి? ముందు రోజుల లెక్క. ప్లేటు 30 రూపాయలనుకుని, రోజుకు 80 ప్లేట్లు పోతాయనుకుంటే గల్లాలోకి 2,400. చాలామంది దాన్ని ముప్పైతో గుణించి 72,000 అని సంబరపడతారు. టిఫిన్ బేరం బాగా జోరుగా సాగేది ఆదివారం పొద్దున. ఆరాధన కూడా అప్పుడే. ఆదివారాలు నాలుగు తీసేస్తే మిగిలేది 26 రోజులు, 62,400. తేడా 9,600. ఈ అంకెను బండి కొనకముందే కాగితం మీద వేసుకుని, ఇది పోయినా ఇల్లు గడుస్తుందా అని చూసుకోవాలి. అలా చూసుకోని బండి మొదటి మూడు ఆదివారాలు మూసి ఉంటుంది, నాలుగో ఆదివారం తెరుచుకుంటుంది. అప్పుడు విశ్వాసం సన్నగిల్లిందని అంటాం. సన్నగిల్లింది విశ్వాసం కాదు, లెక్క.

తర్వాత గ్యాసు. ఇంటి ఎర్ర సిలిండర్ 14.2 కిలోలు, వ్యాపారానికి వాడాల్సిన నీలం రంగుది 19 కిలోలు. ఖరీదు తేడా చూసి ఇంటి సిలిండర్ బండి కిందికి చేరుతుంది. అది చట్టానికి విరుద్ధం, పట్టుబడితే పోతుంది. ఆ బండి ముందు నిలబడి పాస్టరుగారు ఆశీర్వాద ప్రార్థన చేస్తుంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. నీలం సిలిండర్ ధర వేస్తే మిగలని ప్లేటు ఎర్ర సిలిండర్‌తో మిగిలిందంటే, ఆ లాభం మనది కాదు.

దేవుడికిచ్చే దశమ భాగం దగ్గరా ఒక పొరపాటు ఉంది. గల్లాలోని 2,400లో పదో వంతు తీసి పక్కన పెడతారు. దాంట్లో రేపటి మినపగుళ్ల డబ్బు కూడా ఉందని మరిచిపోతారు. వారం తిరిగేసరికి సరుకుకి చేబదులు. సరుకు, గ్యాసు, అద్దె, సాయం చేసే మనిషి కూలి పోగా నిలిచినదాంట్లోంచి తీయడమే సబబు అనిపిస్తుంది. మొత్తం రాబడి మీదే ఇవ్వాలనుకునేవాళ్లు దాన్ని కూడా ఖర్చుల్లో ముందే రాసుకోవాలి.

అప్పు సంగతి మరీ ముఖ్యం. రోజువారీ ఫైనాన్సులో పది వేలు రాయించుకుంటే తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమనడం మామూలే. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి సగటున చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. ఆ లెక్కన నెలకు నూటికి దాదాపు ఏడు రూపాయల వడ్డీ పడుతున్నట్టు. బ్యాంకు ఆలస్యం చేస్తుందని విసుక్కుని, ఇది ఒక్క పూటలో దొరికిందని "ప్రభువు తెరిచిన ద్వారం" అనేవాళ్లు ఉన్నారు. సులువుగా తెరుచుకోవడమే గుర్తైతే, ఊళ్లో అన్నిటికంటే సులువుగా తెరుచుకునే తలుపు ఇదే.

సాయంత్రం గోడ మీది వాగ్దాన కార్డు, కొత్త సంవత్సరానికని తీసుకునే బైబిలు వాక్యం, మళ్లీ కంటబడింది. యిర్మీయా 29:11, మీకు మేలే తలపెట్టాను, ముందు కాలానికి ఆశ ఉందన్న దేవుడి మాట. డిసెంబరు 31 రాత్రి ఎన్ని ఇళ్లలో ఈ వాక్యమే వచ్చిందో! దాని పై వచనంలో అది బబులోను చెరలో డెబ్బై సంవత్సరాలు గడిచాకే అని ఉంది, కార్డులో అంత చోటు ఉండదు మరి. ఇంకాస్త పైకి, అయిదో వచనానికి వెళ్తే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి అని పనులే కనిపిస్తాయి.

ఈ ఊళ్లోనే కుగ్లర్ ఆసుపత్రి ఉంది. అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేసరికే చదువుకున్న డాక్టరు. పంపిన లూథరన్ మిషన్ మాత్రం ఆమెను వైద్యానికి కాకుండా ఆడవాళ్లకు బోధించే పనికి నియమించింది. ఆమె ఆ పని చేస్తూనే వచ్చిన రోగులను చూసింది. మిషన్ ఆమెను డాక్టరుగా గుర్తించింది 1885లో. ఆసుపత్రి తెరిచింది 1898లో. కల నెరవేరేదాకా ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునేవాళ్లకి ఈ పదిహేనేళ్లు చూపించాలి. రోగులను చూడటానికి ఆసుపత్రి దాకా ఆగలేదావిడ.

బండి కూడా ఇంట్లోనే మొదలుపెట్టి చూడొచ్చు. నాలుగు శనివారాలు చాలు. తెలిసినవాళ్ల దగ్గర ముందురోజే ఆర్డరు తీసుకుని, ఒక గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాలి, చల్లటి నీళ్లతో రుబ్బాలి, నానిన రవ్వను గట్టిగా పిండి కలపాలి. నీళ్లు ఎక్కువైతే ఇడ్లీ పొంగకుండా చదునుగా పరుచుకుంటుంది. కిలో గుళ్లకు ఎన్ని ఇడ్లీలు దిగాయో, ఎన్ని మిగిలాయో, చట్నీకి ఎంతైందో, నడుము ఎన్నింటికి నొప్పెట్టిందో, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయాలి. డబ్బిచ్చి తిన్నవాళ్లు రెండోసారి అడిగారా లేదా అన్నది వేరే పేజీలో. మొహమాటానికి ఒక్కసారి అందరూ కొంటారు. ఈ నాలుగు వారాలు సంఘంలో సాక్ష్యం చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది. నెహెమ్యా కూడా కొద్దిమందితో రాత్రిపూట గోడలు చూసొచ్చాడు తప్ప ముందే చాటింపు వేయలేదు. ఒకసారి మైకులో చెప్పాక, లెక్క కుదరకపోయినా వెనక్కి రావడానికి పరువు అడ్డొస్తుంది.

కుదరకపోతే? దావీదు రాజు దేవుడికి మందిరం కట్టాలనుకున్నాడు, దేవుడు వద్దన్నాడు. ఆ ఆశ మంచిదే అని కూడా అన్నాడు. దావీదు రాళ్లు, దేవదారు, ఇనుము పోగుచేసి కొడుక్కి అప్పగించాడు. ఆ నోటుపుస్తకం కూడా రేపు ఇంకొకరి బండికి పనికొస్తుంది.

ఈ ఎండలకి పిండి సాయంత్రం ఆరింటికి రుబ్బితే తెల్లారేసరికి పులిసి పొంగిపోతుంది. ఇప్పుడు నానబెట్టి, రాత్రి ఒకటిన్నరకి లేచి రుబ్బితేనే ఆరున్నరకి మొదటి వాయి దిగేది.