పాడేరు వాలులో రెండు గీతలు

పాడేరు వెళ్ళింది వేరే పని మీద. మాడుగుల దాటి ఘాట్ ఎక్కేదాకా బస్సుకేం లోటు లేదు. పాడేరు నుంచి ఆటోకే 12 కిలోమీటర్లకు 60 రూపాయలు, అదీ డ్రైవరు పక్కన అర సీటుకి! ఆ విసుగుతోనే దిగాను. దిగిన చోట గిరిజన ఆశ్రమ పాఠశాల. దాని వెనక వాలు మీద తొమ్మిదో తరగతి పిల్లలు 'ఏ' ఫ్రేమ్ కడుతున్నారు. ఇంగ్లీషు A ఆకారంలో ఉండే కర్రల చట్రమది, వాలు మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లను వెతకడానికి. మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయాను.

2 మీటర్ల వెదురు కర్రలు రెండు, మీటరుది ఒకటి. పొడుగువి పైన కలిపి కట్టి, వాటి సరిగ్గా నడుమన పొట్టిది అడ్డంగా బిగించారు. మధ్యబిందువులను కలిపే గీత మూడో భుజంలో సగమని లెక్కల్లో చదివిందే. అందుకే కాళ్ళ మధ్య ఎడం 2 మీటర్లు. కొననుంచి దారం, దారానికి రాయి. దారం అడ్డకర్రకు రాసుకోకూడదు. గాలికి రాయి ఊగిపోతుంటే చిన్న సీసాలో ఇసుక పోసి కట్టారు.

నన్ను ఆపేసింది తర్వాతి పని. చదును నేల కోసం వెతకనే లేదు. వాలులోనే రెండు కాళ్ళ కిందా పలకరాళ్ళు పెట్టి, దారం అడ్డకర్రను దాటిన చోట గీత గీశారు. కాళ్ళు తారుమారు చేసి, అవే రాళ్ళ మీద నిలిపి, రెండో గీత. ఆ రెండింటి నడిమి చోటే మట్టం. ఒక కర్ర అంగుళం పొట్టిదైనా పర్వాలేదు, ఆ వంకర కూడా నడిమి గుర్తులో లెక్కకొచ్చేస్తుంది. మా బళ్ళో సమోన్నత రేఖలంటే, అదే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలంటే, మ్యాపులో గోధుమరంగు గీతలే. వీళ్ళిళ్ళలో చోళ్ళూ సామలూ పండేది ఇలాంటి వాలుల్లోనే, పాఠం ఉండాల్సింది ఇక్కడే.

తర్వాత ఒక కాలు నిలిపి, రెండోది జరుపుతూ, దారం గుర్తు మీదికి రాగానే మేకు కొడతారు. తడిసిన ఎర్రమట్టిలో కాలు కుంగిందా, ఆ తప్పు మిగతా మేకులన్నిటికీ పాకుతుంది.

"కట్టు వదులైంది మాస్టారూ, మళ్ళీ కాళ్ళు మార్చాలి" అంది ఒక పాప. పచ్చి వెదురు ఆరేకొద్దీ సన్నబడి కట్టు జారుతుంది. అందుకే రోజూ పని మొదలయ్యే ముందు గుర్తు సరిచూడాలి.

ఆ మేకుల వెంటే వాన నీటిని ఆపే కందకాలు తవ్వుతారు. వాలు పైనుంచి మొదలెట్టి, తవ్విన మట్టిని పల్లం వైపు గట్టుగా పోస్తారు. పైన వదిలేసి కింద తవ్వితే పై నీరంతా ఒక్కసారి దిగి గట్టు తెంచుతుంది.

తిరుగు బస్సులో, ఘాట్ మలుపు దగ్గర ఒక చేను కనిపించింది. చాళ్ళు వాలు వెంట నిలువుగా దిగి ఉన్నాయి. వాటి కింద, రోడ్డు మీద, మడమలోతు ఎర్రమట్టి.