తిరగేసిన వాక్యాలతోనే తంటా

మాదాపూర్ ఆఫీసుల్లో పర్సనాలిటీ టెస్ట్ అంటే INFP లాంటి నాలుగక్షరాల టైపు చెప్పేసుకోవడమే. సైకాలజిస్టులు టైపులు కాదు, ఐదు లక్షణాల్లో ఎవరికి ఏది ఎంత ఉందో చూస్తారు.

వాటిని కొలిచే బిగ్ ఫైవ్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళిలో 44 వాక్యాలు, ఒక్కోటీ తనకెంత వర్తిస్తుందో 1 నుంచి 5 మార్కులు వేసుకోవాలి. ఎక్స్‌ట్రావర్షన్‌కి, అంటే నలుగురితో కలివిడిగా ఉండే గుణానికి, 8. వాటిలో ‘మితభాషి’ లాంటివి 3 తిరగేసినవి, అంటే ఆ గుణానికి వ్యతిరేకంగా రాసినవి. అక్కడ వేసిన అంకెను 6 లోంచి తీసేయాలి, అంటే 1 వేస్తే 5 అవుతుంది. ఎక్సెల్‌లో ఇది మరిచిపోయారా, 5 రావాల్సిన వసపిట్ట సగటు 3.5కి పడిపోతుంది! అన్నిటికీ ‘అవును’ కొట్టేసేవాళ్లు దొరికేదీ వీటితోనే.

ఉద్యోగం కోసమైతే ఆ ఐదు లక్షణాల్లో ఒకటైన క్రమశిక్షణకు అందరూ ఐదుకి ఐదే వేసుకుంటారు, ఆ అంకెను నేనైతే నమ్మను. ఏదైనా లక్షణంలో 3.8 సగటు వస్తే అది ఎక్కువో తక్కువో కూడా ఆ వయసువాళ్ల సగటు పక్కన పెట్టి చూస్తేనే తెలిసేది.