గాలించడం నేర్చుకున్నాను: విక్టోరియా వాగులో బంగారం వెతికిన నా అనుభవం

ప్రొద్దుటూరులో పెరిగినవారికి బంగారం కొత్త కాదు. మా ఇంటి నుంచి రెండు వీధులు దాటితే నగల అంగళ్లు మొదలయ్యేవి. పొద్దున్నే అంగళ్లు తెరవకముందు, కంసాలి పని జరిగే గడపల ముందర ఇద్దరు ముగ్గురు మనుషులు కూర్చుని, నేల మీది దుమ్మును కుంచెతో ఊడ్చి సంచిలోకి ఎత్తుకోవడం నేను బడికి వెళ్తూ చూసేవాణ్ని. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన బంగారు పొడి ఆ దుమ్ములో ఉంటుందనీ, దాన్ని నీళ్లలో కడిగి తీస్తారనీ నాన్న చెప్పేవారు. మట్టిని కడిగి బంగారం తీసే పనిని ముప్ఫై ఏళ్ల తరువాత, ఆస్ట్రేలియాలోని ఒక వాగు ఒడ్డున కూర్చుని, నా చేతులతో నేనే నేర్చుకుంటానని అప్పుడు ఊహించలేదు.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడికి వాయవ్యంగా 120 కిలోమీటర్ల దూరంలో, బల్లారట్‌కు కొద్దిగా ఉత్తరాన, క్రెస్విక్ అనే చిన్న ఊరుంది. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడి ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చిపడినప్పుడు, తవ్వకాలు జరిగిన చోట్లలో అది ఒకటి. ఆ ఊరి అడవిలో స్లేటీ క్రీక్ అనే వాగు ఉంది. సెలవు రోజున పిల్లలను తీసుకుని వెళ్లినప్పుడు, ఆ వాగులో గొడుగు టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆకుపచ్చ ప్లాస్టిక్ పళ్లెంలో మట్టి తిప్పుతూ కనిపించారు. ఆయన పళ్లెం అంచున ఆవగింజలో సగం కూడా లేని పసుపు చుక్క ఒకటి నిలిచి ఉండడం చూశాను. ఆ రాత్రే అనుమతి కోసం దరఖాస్తు చేశాను.

అనుమతి పేరు మైనర్స్ రైట్, అంటే తవ్వకందారు హక్కు. ఆన్‌లైన్‌లో వివరాలు నింపి రుసుము కడితే వస్తుంది; నేను కట్టింది ముప్ఫై డాలర్లలోపే, అది పదేళ్లు చెల్లుతుంది. ఇంత తేలికగా దొరికే ఈ కాగితం వెనుక మనుషుల ప్రాణాలున్నాయి. తొలి రోజుల్లో ఇక్కడి ప్రభుత్వం బంగారం దొరికినా దొరకకపోయినా ప్రతి తవ్వకందారు నుంచీ నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము వసూలు చేసేది. దాని మీద రగిలిన కోపం 1854 డిసెంబరు 3న బల్లారట్‌లోని యురేకా దగ్గర కాల్పుల దాకా వెళ్లింది. మరుసటి ఏడాది ఆ లైసెన్సును తీసివేసి, ఏడాదికి ఒక్క పౌండు రుసుముతో మైనర్స్ రైట్‌ను ప్రవేశపెట్టారు. దానితోపాటు తవ్వకందారులకు ఓటు హక్కు కూడా వచ్చింది. ఆ పేరుతో ఉన్న కాగితాన్ని నా పేర తీసుకున్నప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది.

అయితే కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఎక్కడపడితే అక్కడ తవ్వడానికి వీలు లేదు. చాలా జాతీయ ఉద్యానవనాల్లో ఈ పని నిషిద్ధం, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి కావాలి, కొన్ని వాగులను పూర్తిగా మినహాయించారు. చేతి పనిముట్లు తప్ప యంత్రాలతో తవ్వకూడదు. చెట్లకూ పొదలకూ హాని చేయకూడదు. ఆదివాసుల వారసత్వ స్థలాలను కదిలించకూడదు. తీసిన గుంతను పూడ్చి రావాలి. ప్రభుత్వం వారి జియోవిక్ పటంలో ఏ నేల ఏ వర్గం కిందికి వస్తుందో కనిపిస్తుంది. నేను రెండు సాయంత్రాలు ఆ పటం ముందే కూర్చున్నాను, ఆ సమయం వృథా కాలేదు. కొత్తవారికి ఇంకొక్క మాట చెప్పాలి. ఈ అడవుల్లో నూట యాభై ఏళ్ల నాటి గోతులు మూత లేకుండా, పొదల చాటున అలాగే ఉన్నాయి. దారి వదిలి నడిచేటప్పుడు ముందు కర్రతో తడిమి, తరువాతే అడుగు వేయాలి. పిల్లలు వెంట ఉంటే చెయ్యి వదలకూడదు.

సామాను కొద్దిగానే కొన్నాను: మట్టి కడిగే 14 అంగుళాల పళ్లెం (దీన్నే పాన్ అంటారు), జల్లెడ, చిన్న పార, బండ సందుల్లో గీకడానికి ఒక వంపు ఇనుప కడ్డీ, బంగారపు నలుసును నీటితో సహా పీల్చే మెత్తటి సీసా. నేలలోని లోహాన్ని కనిపెట్టే డిటెక్టరు కొనమని చాలామంది చెప్పారు. 1980లో కింగోవర్ దగ్గర 27 కిలోల పైచిలుకు బరువున్న హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ ముద్ద డిటెక్టరుకే దొరికిన మాట నిజమే. కానీ నాకు నీళ్లలో చెయ్యి పెట్టి చేసే పని కావాలి.

మొదటి మూడు ప్రయాణాల్లో నాకు ఏమీ దొరకలేదు. నాలుగోసారి పాన్ అడుగున మిలమిలలాడే పసుపు రేకులు కనిపించగానే గుండె వేగం పెరిగింది. పక్కనే పని చేసుకుంటున్న డెబ్బై ఏళ్ల స్థానిక మహిళ ఒకరు వచ్చి చూసి, పాన్‌ను నీడలోకి తెచ్చి పక్కకు వంచమన్నారు. నీడలో ఆ రేకులు మాసిపోయాయి, కోణం మారగానే మెరుపు పోయింది. సూదితో నొక్కితే పొరలుగా చీలాయి. అది అభ్రకం, మన వైపు కాకిబంగారం అనేది. బంగారానికి నీడలోనైనా ఎండలోనైనా ఒకటే రంగు, సూది దిగితే గుంట పడుతుంది గాని విరగదు. ఆమె ఆ మాట చెప్పి, అప్పటిదాకా నేను పాన్‌ను తిప్పిన తీరు కూడా చూసి, బంగారం ఉన్నా మీరు నీళ్లలోకే పారబోస్తున్నారని మృదువుగా చెప్పారు.

ఆ మాటతో ఇంటికి వచ్చాక పెరట్లో ఒక తొట్టి పెట్టాను. చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లలో సన్నవి పది తీసి, సుత్తితో పలచగా కొట్టి, పారెడు ఇసుకలో కలిపి, తొట్టి నీళ్లలో ఆ ఇసుకను పాన్‌తో కడిగేవాణ్ని. బంగారం నీటికంటే పందొమ్మిది రెట్ల పైన బరువు, సీసం పదకొండు రెట్ల పైన, మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. కాబట్టి సీసం నిలిస్తే బంగారం తప్పకుండా నిలుస్తుంది. మొదటిసారి నాకు మిగిలినవి పదిలో ఆరు. వారం రోజులు చేసినా ఏడు దాటలేదు.

ఒక ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో ఉండగా ఈ పని చేస్తున్నాను. ఆమె కాసేపు మాట్లాడకుండా చూసి, “అట్ల చెయ్యి విసురుతా ఉంటే ఎట్ల నాయనా? బియ్యం గాలించేది చూసిండావు కదా. ముందు బాగా కదిలించి రాళ్లను అడుక్కి దిగనియ్యల్ల. ఆ తర్వాత నీళ్లే పైదాన్ని తీసకపోతాయి, నువ్వు వంచేది అంతే” అన్నారు.

ఆ మాట వినగానే మా వంటిల్లు కళ్ల ముందుకు వచ్చింది. రెండు గిన్నెలు పెట్టుకుని, ఒక గిన్నెలో బియ్యం మునిగేలా నీళ్లు పోసి, మణికట్టును మాత్రమే ఆడిస్తూ, బియ్యం నీళ్లతో పాటు అలలాగా రెండో గిన్నెలోకి జారేలా అమ్మ వంచేది. చివరికి మొదటి గిన్నె అడుగున నాలుగు మట్టిబెడ్డలూ రెండు తెల్లరాళ్లూ మాత్రం మిగిలేవి. పాన్ పని సరిగ్గా అదే. అక్కడ అడుగున మిగిలినదాన్ని పారేస్తాం, ఇక్కడ దాని కోసమే ఇంత దూరం వస్తాం. ఇంతకాలం నేను చేసిన తప్పు కదిలించడానికీ వంచడానికీ మధ్య ఆగకపోవడం. పాన్‌ను మట్టంగా పట్టుకుని, రెండు చేతులతో ఎడమకూ కుడికీ గట్టిగా ఇరవై సార్లు ఆడించి, ఆ తరువాత మాత్రమే ముందుకు వంచి, ఒక పలచని పొరను నీటికి ఇచ్చి, మళ్లీ మట్టం చేసి ఆడించడం మొదలుపెట్టాక, పది రోజుల్లో పదికి పది గుండ్లు నిలవసాగాయి.

తరువాత వెళ్లినప్పుడు చోటును కూడా జాగ్రత్తగా ఎంచుకున్నాను. స్లేటీ క్రీక్ అడుగున పలకరాయి పొరలు నిలువుగా లేచి, వాగుకు అడ్డంగా మెట్లలా ఉంటాయి. వరదలో దొర్లుకుంటూ వచ్చిన బంగారం ఆ పొరల సందుల్లో దిగి ఇక కదలదు. వాగు మలుపు తిరిగే చోట, ప్రవాహం నెమ్మదించే లోపలి వైపున, అలాంటి ఒక సందును కడ్డీతో గీకి, అందులోని బంకమట్టిని గిన్నెడు తీశాను. బంకమట్టి ముద్దలుగా ఉంటే నలుసులను అంటించుకుని బయటికి తీసుకుపోతుంది కాబట్టి, దాన్ని నీళ్లలో వేళ్లతో పిసికి పూర్తిగా కరిగించాను. సన్నటి బంగారం నీటి పైన తేలిపోకుండా పాత్రలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్లను ఇంటి దగ్గరి నుంచే బక్కెట్లో తెచ్చుకున్నాను. వాగులో సబ్బు కలపడం మంచిది కాదు గనుక, కడగడమంతా ఆ బక్కెట్లోనే చేశాను. చివరికి పాన్ అడుగున చెంచాడు నల్ల ఇసుక మిగిలింది. పాన్‌ను కాస్త వంచి, నీళ్లను మెల్లగా చుట్టూ తిప్పాను. నల్ల ఇసుక తోకలాగా సాగుతూ జరిగింది. దాని వెనుక, కదలకుండా, మూడు పసుపు చుక్కలు. నీడలోకి తిప్పాను, రంగు మారలేదు.

రెండేళ్లలో పదకొండుసార్లు వెళ్లి నేను కూడబెట్టింది 0.42 గ్రాములు. మా ఊరి కంసాలి లెక్కలో చెప్పాలంటే మూడున్నర గురివింద గింజల ఎత్తు. పెట్రోలు ఖర్చు దీని విలువకు ఎన్నో రెట్లని నాకు తెలుసు, లాభం కోసం ఎవరూ ఈ పనిలోకి రాకూడదని అడిగినవారందరికీ చెబుతాను. కానీ నలభై కోట్ల ఏళ్లకు పూర్వం తెల్లరాయి సిరలో గడ్డకట్టి, వాగులో అరిగి, ఎవరి కంటా పడని ఒక నలుసును మొదటిసారి చూసే మనిషిని నేనే అవుతున్నానన్న సంగతి నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

పోయిన చలికాలంలో అమ్మ ఇక్కడికి వచ్చారు. ఆమె పేర కూడా మైనర్స్ రైట్ తీసుకుని క్రెస్విక్ వెళ్లాం. ఒడ్డున ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టాను. నేను కొత్త మట్టి తీస్తుండగా, ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నేను కడిగి పక్కన పోసిన ఇసుకను పాన్‌లోకి ఎత్తుకున్నారు. అది అయిపోయిన మట్టి అమ్మా అన్నాను. ఆమె బదులు చెప్పకుండా మణికట్టు ఆడిస్తూ పోయారు. పావుగంట తరువాత పాన్ నా వైపు చాచారు. నల్ల ఇసుక వెనుక రెండు చుక్కలున్నాయి, ఒకటి ఆ రోజు నాకు దొరికిన అన్నిటికంటే పెద్దది.

వాటిని వేరే సీసాలోకి పీల్చి, మూత మీద ఆమె పేరు రాశాను. తీసిన గుంతను ఇద్దరం కలిసి పూడ్చి, పైన రాలిన ఆకులు పరిచి, చీకటి పడకముందే బయలుదేరాం.