ఆయాసం ఇంజెక్షన్‌కి ఇన్సూరెన్స్ ఒప్పుకునేదాకా

అంబాజీపేట దగ్గర మా ఊరు. చుట్టూ కొబ్బరి పీచు యార్డులే. ఎండల్లో పీచు ఆరబోసినా, దాళ్వా కోతలు మొదలైనా నాకు ఊపిరాడేది కాదు. ఉబ్బసం ఉన్న చాలామందికి ఇన్హేలర్ సరిగ్గా వాడితే చాలు. పెద్ద డోసు ఇన్హేలర్ మానకుండా వాడుతున్నా నాలాగా మళ్ళీమళ్ళీ ఆసుపత్రిపాలయ్యేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆయాసం ముదిరినప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలే దిక్కు. వాటితో ఆ పూటకి గండం గడిచేది గానీ, షుగరు వచ్చింది, మొహం ఉబ్బింది, ఎముకలు గుల్లబారాయి.

కాకినాడలో ఊపిరితిత్తుల డాక్టరుగారు ముందు ఇన్హేలర్ నా చేతికిచ్చి, "ఏదీ, ఒకసారి పీల్చి చూపించండమ్మా" అన్నారు. ఊపిరి పూర్తిగా వదిలి, మూతి బిగించి పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాను. ఆయన పక్కనే నిలబడి చూసి, వాడే పద్ధతి సరిగ్గా ఉందని చీటీ మీద రాశారు. ఆ ఒక్క ముక్కా తర్వాత ఎంత పనికొచ్చిందో!

ఊపిరి ఎంత ఆడుతోందో కొలిచే స్పైరోమెట్రీ, ఎలర్జీకి సంబంధించిన ఐజీఈ, రక్తంలో ఒకరకం తెల్లకణాలైన ఈసినోఫిల్స్ పరీక్షలతోపాటు మలపరీక్ష కూడా చేయించారు. కడుపులో పురుగులున్నా ఈసినోఫిల్స్ పెరుగుతాయట, ఉంటే ముందు వాటికి మందు వాడాలి. నాకు పురుగుల్లేవు, ఈసినోఫిల్స్ మాత్రం ఎక్కువగా, 640 ఉన్నాయి. అందుకని మెపోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ రాశారు. ఈసినోఫిల్స్‌ని పెంచే ఐఎల్-5 అనే ప్రోటీన్‌ని అది అడ్డుకుంటుంది. నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు చర్మం కింద వేస్తారు. ఎలర్జీ ఉబ్బసానికైతే ఒమాలిజుమాబ్ ఉంది, దాని డోసు బరువునీ ఐజీఈనీ బట్టి లెక్కకడతారు.

ధర చూస్తే, మా కొబ్బరి దింపు డబ్బంతా ఒక్క డోసుకే చాలదు. హైదరాబాదులో మా అబ్బాయి కంపెనీ ఇచ్చిన పాలసీలో అమ్మానాన్నలం మేమిద్దరమూ ఉన్నాం కాబట్టి దానికి క్లెయిమ్ పెట్టాం. "24 గంటలు అడ్మిట్ కాలేదు, ఇది ఓపీ వైద్యం, కుదరదు" అని తిప్పి పంపారు. ఊపిరాడని మనిషికి ఇంత పొడి జవాబా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మావాడు వదల్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాలసీల నుంచి తీసేయకూడని ఆధునిక చికిత్సల జాబితా ఒకటి వాడికి దొరికింది. ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీలు అందులో ఉన్నాయి, నాకు రాసిన మందూ ఆ రకమే. మా పాలసీ కాగితాల్లోనూ ఆ మాట దొరికింది, కాకపోతే ఇంతవరకే ఇస్తామనే పరిమితితో. డాక్టరుగారిచేత కొత్తగా లెటర్ రాయించుకున్నాం. ఏడాదిలో ఎన్నిసార్లు స్టెరాయిడ్ వాడాల్సి వచ్చిందో, ఎన్నిసార్లు అడ్మిట్ చేశారో, ఇన్హేలర్ డోసెంతో, పద్ధతి సరిగ్గానే ఉందని, ఈసినోఫిల్స్ ఎంతో, ఈ మందే ఎందుకో అన్నీ తేదీలతో రాశారు. దాన్ని బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపితే ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే, నెలలోగా జవాబు రాకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు, ఫీజు లేదు.

మందుని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి కాబట్టి ఇంటికి తెచ్చుకోకుండా ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే పెట్టించాం. వేశాక ఎలర్జీ ఏమైనా వస్తుందేమోనని కాసేపు కూర్చోబెడతారు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదని కొద్దికొద్దిగా తగ్గించారు. ఇన్హేలర్ ఇప్పటికీ వాడుతున్నాను. మొన్న కోతల్లో ఆసుపత్రికెళ్ళలేదు.

నన్ను కొడుకు ఉద్యోగం ఆదుకుంది. పీచు యార్డులో దుమ్ములో పనిచేసే ఆడవాళ్ళకి ఏముంది? ఈ ఇంజెక్షన్ రేషన్ కార్డు చూపిస్తే అందాలి. మా వీధిలో ఒకామెకి నాలాగే ఆయాసం. పాత చీటీలన్నీ తేదీలవారీగా పేర్చి డాక్టరుగారికి చూపించాం. పరీక్షలు రాశారు, సోమవారం ఆవిడతో నేనూ వెళ్తున్నాను.